640 రికార్డులు, ఇద్దరు వారసులు: ఒక వినైల్ సేకరణ మదింపు

నేపథ్యం

ఒకాయన 1960లలో మొదలుపెట్టి దాదాపు నలభై ఏళ్లు రికార్డులు కొన్నారు. ఆయన పోయాక ఆ సేకరణ కొడుకు, కూతురు ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చింది. దాని విలువ కట్టే పని నాకు వచ్చింది. మొత్తం 640 రికార్డులు. అందులో 33⅓ ఆర్‌పీఎం (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే) ఎల్పీలు 404, 45 చుట్లు తిరిగే ఏడంగుళాల 45లు 150, 78 చుట్లు తిరిగే, లక్కతో చేసిన పాత 78లు 86. ఎల్పీల్లో జాజ్, రాక్ ఎక్కువ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కొంత. ఊరు, పేర్లు, కుటుంబ వివరాలు తీసేశాను. ధరలు కాలాన్ని బట్టి మారిపోతాయి కాబట్టి నిష్పత్తుల్లోనే చెబుతున్నాను.

ఆయన అలవాట్లు మూడు ఈ కేసును నడిపించాయి. రికార్డు కొన్న తేదీని లోపలి కాగితపు స్లీవ్ మూలన పెన్సిల్‌తో రాసేవారు. తనకు బాగా నచ్చినవాటికి మందపాటి పారదర్శక పీవీసీ తొడుగులు వేసేవారు. 1979 దాకా సెరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచి దాని కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) ఉన్న ఆటోఛేంజర్ (రికార్డులను ఒకదాని తర్వాత ఒకటి తనే వేసుకునే ప్లేయర్) మీద విని, ఆ తర్వాత మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఉన్న మంచి టర్న్‌టేబుల్‌కి మారారు.

వచ్చిన చిక్కు

కొడుకు సేకరణను తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. కూతురు తన సగం డబ్బుగా ఇమ్మంది. ఇద్దరి మధ్య తగాదా ఏమీ లేదు, కానీ ఇద్దరి చేతుల్లో ఉన్న అంకెలకు పొంతన లేదు. ఒక డీలర్ వచ్చి చూసి అన్నీ కలిపి కొంటానని ఒక మొత్తం చెప్పి వెళ్లారు. ఆ మొత్తాన్ని 1 అనుకుంటే, కొడుకు ఆన్‌లైన్‌లో ఒక్కొక్క పేరూ వెతికి కూడిన పట్టిక 14కి వచ్చింది. కూతురికి ఈ రెండూ నమ్మబుద్ధి కాలేదు. "అన్నయ్యా, 78లన్నీ నాకిచ్చెయ్, మిగతావి నువ్వే ఉంచుకో" అని తేల్చేయబోయింది. అన్నిటికంటే పాతవి అవే కాబట్టి అన్నిటికంటే విలువైనవీ అవేనని ఆమె లెక్క.

ఆ ఒప్పందం జరిగి ఉంటే ఆమె బాగా నష్టపోయేది. 78లలో అత్యధిక భాగం వాటి కాలంలో లక్షల్లో అమ్ముడైన నృత్య సంగీతం, ప్రసిద్ధ గాయకుల ఒపేరా పాటలు. అవి ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి. 78లలో భారీ ధర పలికేది వేరే రకం. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1930 నుంచి 1932 మధ్య, పారామౌంట్ కంపెనీ అతి తక్కువ సంఖ్యలో వేసిన బ్లూస్ రికార్డుల వంటివి. ఇక్కడ అలాంటిది ఒక్కటీ లేదు.

డీలర్ చెప్పిన అంకెను మోసం అనుకోకూడదు. మొత్తం కొన్నవాళ్లు వాటిని మోసుకెళ్లాలి, కడగాలి, గ్రేడ్ చేయాలి, ఏళ్ల తరబడి నిల్వ ఉంచాలి. అందులో త్వరగా అమ్ముడుపోయేవి కొన్నే. ఆ అంకె వేగంగా డబ్బు చేసుకోవడానికి చెల్లించే ధర, అంతే. సమస్య ఏమిటంటే ఉంచుకోబోయే మనిషి వాటా లెక్కకు అది సరిపోదు.

కొడుకు 14 వెనక మూడు పొరపాట్లున్నాయి, అవి ఒకదాన్నొకటి హెచ్చించుకున్నాయి. అమ్మేవాళ్లు అడిగే ధరను అమ్ముడైన ధరగా తీసుకున్నాడు. ఒకే ఆల్బమ్‌కి వందల ముద్రణలుంటే జాబితాలో అన్నిటికంటే ఖరీదైన మొదటి ముద్రణ తనదే అనుకున్నాడు. ప్రతి రికార్డూ దాదాపు కొత్తదానిలా ఉందని రాసుకున్నాడు.

ముందుగా ఆపించినవి

మొదటి మాట శుభ్రం చేయొద్దని. కొడుకు అప్పటికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా తెచ్చి పెట్టుకున్నాడు. అది వినైల్ (ఎల్పీలు చేసే ప్లాస్టిక్) మీద నీళ్లలో కలిపి వాడదగినదే, కానీ లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. 78 మీద ఒక్క తుడుపుతో పైపొర మసకబారి, ముల్లు నడిచే గాడి పాడవుతుంది. 45లలోనూ ఒక చిక్కుంది. వాటిలో కొన్ని వినైల్ కాదు, పాలిస్టైరీన్. తేలిగ్గా ఉంటాయి, వేలితో తట్టితే గట్టి ప్లాస్టిక్ మోగినట్టు మోగుతాయి, లేబుల్ తరచు పైన అంటించి ఉంటుంది. వాటికీ ఆల్కహాల్ పడదు.

రెండో మాట, దేన్నీ దాని స్లీవ్ నుంచి వేరు చేయొద్దని. లోపలి స్లీవ్, పోస్టర్, పాటల కాగితం ఆ కవరులోవే అన్న ఆధారం చెదిరితే మళ్లీ రాదు. ఇక్కడైతే పెన్సిల్ తేదీలు కూడా ఆ స్లీవ్‌ల మీదే ఉన్నాయి. అరల్లో ఉన్న వరుసనే ఫొటోలు తీసి, ప్రతి రికార్డుకూ ఒక వరుస సంఖ్య రాసిన కాగితపు చీటీ పెట్టాం. చీటీ కవరులోపల వదులుగా ఉంటుంది, దేనికీ అంటించలేదు.

78లను విడిగా తీసి నిలువుగా, గట్టి దన్నుతో పెట్టించాం. లక్క పెళుసు. పడుకోబెట్టి పేరిస్తే బరువుకు అడుగువి పగులుతాయి.

పని చేయని పద్ధతులు

640 రికార్డులనూ పూర్తిగా పరీక్షించాలంటే ఖర్చు విలువను తినేస్తుంది. అందుకే ముందు నమూనా పద్ధతి పరీక్షకు వచ్చింది. అరలో ప్రతి పదో రికార్డునూ తీసి, వాటి సగటును 640తో హెచ్చించడం. మొదటి రికార్డు నుంచి లెక్క మొదలుపెడితే మొత్తం 2కి కాస్త పైన వచ్చింది. అదే ఐదో రికార్డు నుంచి మొదలుపెడితే దాదాపు 8. రెండో నమూనాలో రెండు ఖరీదైన జాజ్ ఎల్పీలు పడ్డాయి, మొదటిదానిలో పడలేదు, తేడా అదే. రికార్డుల విలువ సమంగా పరుచుకుని ఉండదు. వందకు ఐదో ఆరో మిగతావాటన్నిటికంటే ఎక్కువ మోస్తాయి. అలాంటి చోట సగటుకు అర్థం లేదు, ఆ ఐదారింటినీ పేరుపేరునా పట్టుకోవాల్సిందే.

వయసును బట్టి జల్లెడ పట్టడం కూడా చెడింది. 1970కి ముందువన్నీ ఒక గుంపు, తర్వాతవన్నీ మరో గుంపు అని విడదీస్తే, 1965 నాటి ట్రంపెట్ వాద్యకారుడు హెర్బ్ ఆల్పెర్ట్ ఆల్బమ్ వంటి లక్షల ప్రతుల రికార్డులు మొదటి గుంపులో చేరాయి. సీడీ వచ్చాక, 1990లలో, వినైల్‌పై అతి కొద్దిగా వేసిన రికార్డులు రెండో గుంపులో మరుగునపడ్డాయి. ఆ దశాబ్దంలో ఒక ఆల్బమ్ ఎంత ప్రసిద్ధమైనా దాని ఎల్పీ ప్రతులు తక్కువ, ఎందుకంటే అప్పటికి కొనేవాళ్లలో ఎక్కువమంది సీడీ కొంటున్నారు. 1992 రికార్డు 1972 రికార్డు కంటే ఎక్కువ పలకడం ఈ రంగంలో మామూలు విషయం.

ఏ ముద్రణ అన్నది ఎలా తేల్చాం

పనికొచ్చిన పద్ధతి రెండు దశల జల్లెడ. మొదటి దశలో రికార్డును వాయించలేదు, ధర వెతకలేదు. ప్రతిదానికీ నాలుగు విషయాలు మాత్రం రాసుకున్నాం. కవరు వెన్నుమీద ఉన్న కేటలాగ్ నంబరు; లేబుల్ రంగు, డిజైన్, దానిమీది చిరునామా; రెండు పక్కలా లేబుల్ చుట్టూ నునుపుగా ఉండే భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ అక్షరాలు (ఏ అచ్చు నుంచి వచ్చిందో చెప్పే గుర్తులు); లోపల ఉండాల్సిన కాగితాలు ఉన్నాయా లేదా అన్నది. మ్యాట్రిక్స్ చదవడానికి టార్చిని పక్కనుంచి, దాదాపు రికార్డుకు సమాంతరంగా వేయాలి. పైనుంచి వేస్తే చేతి రాతలు కనబడవు.

ఈ నాలుగో, వీటిలో కొన్నో కలిస్తేనే ముద్రణ తేలుతుంది. ఒక్క ఆధారం మీద నిలబడితే ఏమవుతుందో ఈ సేకరణే చూపించింది.

బ్లూ నోట్ అనే కంపెనీ వేసిన జాజ్ ఎల్పీలు పదకొండున్నాయి. ఈ లేబుల్ మీది చిరునామా కాలాన్ని చెబుతుంది. లెక్సింగ్టన్ అవెన్యూ ముందుది, ఆపైన 47 వెస్ట్ 63, తర్వాత 'న్యూయార్క్ యూఎస్ఏ', 1960ల మధ్యలో కంపెనీ లిబర్టీ అనే మరో కంపెనీకి అమ్ముడుపోయాక 'ఎ డివిజన్ ఆఫ్ లిబర్టీ'. కొడుకు లేబుల్ చూసి పదకొండూ అసలు ముద్రణలే అనుకున్నాడు. కానీ లిబర్టీ చేతికి వచ్చిన కొత్తలో మిగిలిపోయిన పాత లేబుళ్లనే వాడారు. వాటిని వేరు చేసేది మ్యాట్రిక్స్ దగ్గర ఉండే ఒక చిన్న గుర్తు. అంతవరకూ రికార్డులు వేసిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ తన 'పీ' అక్షరాన్ని చేతిరాతలా చెక్కేది, అది చెవి ఆకారంలో కనబడుతుంది కాబట్టి సేకర్తలు దాన్ని 'చెవి' అంటారు. ఎనిమిదింటికి చెవి ఉంది. మూడింటికి 'న్యూయార్క్ యూఎస్ఏ' లేబుల్ ఉన్నా చెవి లేదు. ఆ మూడూ లిబర్టీ ముద్రణలు. సౌండ్ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ మాస్టర్ (అచ్చుకు మూలంగా గాడి కోసిన డిస్కు) చేశారని చెప్పే ముద్ర వాటిమీదా ఉంది, అందుకే వినడానికి చక్కగానే ఉంటాయి, కానీ అసలు ముద్రణ ధర రాదు.

పింక్ ఫ్లాయిడ్ బృందం ఆల్బమ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' బ్రిటిష్ ప్రతి ఒకటుంది. కేటలాగ్ నంబరు ఎస్‌హెచ్‌వీఎల్ 804, ఏడాది 1973 అని కవరు మీదే ఉంది. అది చూసి పట్టికలో పెద్ద అంకె పడింది. అయితే అదే నంబరు, అదే ఏడాది ఆ తర్వాతి ముద్రణల మీదా ఉంటాయి. మొట్టమొదటి ముద్రణ లేబుల్‌లో త్రిభుజం నిండా నీలం ఉంటుంది. ఇక్కడున్నదానిలో గీత మాత్రమే. రెండు పోస్టర్లు ఉండాల్సిన చోట ఒకటే ఉంది, స్టిక్కర్లు లేవు. ధర ఎన్నో రెట్లు పడిపోయింది.

ఎదురు దిశలో కూడా జరిగింది. 'లెడ్ జెప్పెలిన్ 2' అమెరికా ప్రతిని అందరూ చౌక గుంపులో వేశారు, కవరు మూలలు నలిగాయి కాబట్టి. మ్యాట్రిక్స్‌లో 'ఆర్ఎల్' అన్న రెండక్షరాలు ఉన్నాయి, అంటే మాస్టరింగ్ ఇంజినీర్ రాబర్ట్ లుడ్విగ్ 1969లో కోసిన మొదటి మాస్టర్. దానిలో బేస్ ఎంత బలంగా ఉందంటే చౌక ప్లేయర్ల మీద ముల్లు గాడి దాటి ఎగిరిపోయేది. దాంతో కంపెనీ త్వరలోనే మెతకగా కోసిన మాస్టర్‌కి మారింది. ఆ రెండక్షరాల వల్ల ఈ ప్రతి నేరుగా పై గుంపులోకి వచ్చింది.

నకిలీ ఒకటి దొరికింది. వీ-జే కంపెనీ 1964లో విడుదల చేసిన 'ఇంట్రడ్యూసింగ్ ద బీటిల్స్', కవరు మీద స్టీరియో అని ఉంది. లోకంలో అతి ఎక్కువగా నకిలీ చేసిన రికార్డుల్లో ఇదొకటి, నిజమైన స్టీరియో ప్రతులు చాలా అరుదు. రెండు పరీక్షలు చేశాం. లేబుల్ మీద ఆల్బమ్ పేరు నడిమి రంధ్రానికి పైన, బృందం పేరు కింద విడిపోయి ఉంటే అది నకిలీ. ఇక్కడ విడిపోయే ఉన్నాయి. తర్వాత దాన్ని కంప్యూటర్‌లోకి రికార్డు చేసి ఎడమ ఛానల్ నుంచి కుడి ఛానల్‌ను తీసివేశాం. నిజమైన స్టీరియో అయితే పాట ఎంతో కొంత మిగలాలి. ఇక్కడ గాడి గరగర తప్ప ఏమీ మిగల్లేదు, అంటే మోనో (రెండు ఛానళ్లలోనూ ఒకే శబ్దం). కొడుకు పట్టికలో పెద్ద అంకెల్లో ఒకటి దీనిదే. విలువను సున్నాగా రాసి, అమ్మకానికి పెట్టకూడదని జాబితాలో గుర్తు పెట్టాం.

ఈ దశ ముగిసేసరికి 640లో 178 మాత్రమే రెండో దశకు మిగిలాయి. మిగతా 462 ఎంత మంచి స్థితిలో ఉన్నా విడిగా అమ్మిన శ్రమకు గిట్టనివి. 86 లక్క రికార్డుల్లో 80 ఈ గుంపులోకే వెళ్లాయి.

గాడి చెప్పే నిజం

గ్రేడింగ్‌కి గోల్డ్‌మైన్ పత్రిక ప్రాచుర్యంలోకి తెచ్చిన మెట్లే వాడాం: మింట్, నియర్ మింట్, వీజీ ప్లస్, వీజీ (వెరీ గుడ్), ఆ కింద గుడ్. పేరు చూసి మోసపోకూడదు, ఈ లెక్కలో 'గుడ్' అంటే బాగా అరిగిందని అర్థం. నియర్ మింట్ ధర నూరైతే వీజీ ప్లస్ దాదాపు యాభై, వీజీ పాతిక, గుడ్ పది పదిహేను. రికార్డుకు ఒక గ్రేడు, కవరుకు వేరే గ్రేడు. ఒక్క మెట్టు తప్పితే ధర సగమవుతుంది కాబట్టి మదింపులో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి.

ముందు కంటితో చూశాం, ఒకే బలమైన దీపం కింద, రికార్డును వాలుగా తిప్పుతూ. గీతలు, వంపులు, వేలిముద్రలు ఇలా దొరుకుతాయి. దొరకనిది అరుగుదల. పాత సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు నాలుగైదు గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బరువుతో నడిచేవి. నేటి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లు ఎక్కువగా ఒకటిన్నర, రెండు గ్రాముల మీద నడుస్తాయి. దానికి తోడు ఆ రోజుల నీలమణి ముల్లు వజ్రపు ముల్లు కంటే చాలా త్వరగా అరిగిపోతుంది. అరిగిన ముల్లు గాడి గోడలను చెక్కేస్తుంది, పైకి నల్లగా మెరుస్తున్న రికార్డు కూడా లోపల చితికి ఉండొచ్చు.

178నీ పూర్తిగా వినడానికి దాదాపు వంద గంటలు కావాలి. ఇక్కడే పెన్సిల్ తేదీలు అక్కరకొచ్చాయి. 1979కి ముందు కొన్నవన్నీ ఆటోఛేంజర్ కింద నలిగినవి, తర్వాతవి మంచి టర్న్‌టేబుల్ మీదే తిరిగినవి. అందుకని పాతవి 90ని ఒక్కటీ వదలకుండా వాయించి, తర్వాతి 88లో 20ని మాత్రం పరీక్షించాం. 90లో 31 కంటి గ్రేడు కంటే ఒక మెట్టో అంతకంటే ఎక్కువో దిగాయి. 20లో దిగినవి రెండే. అవి రెండూ పాతబజారులో కొన్నవని స్లీవ్ మీద రాసి ఉంది, కాబట్టి వాటి అరుగుదల ఇంకెవరి ప్లేయర్‌దో. వెంటనే మిగతా 68లో పాతవిగా కొన్నవి ఏవో స్లీవ్‌ల మీద వెతికి, వాటిని కూడా వాయించే వరుసలో చేర్చాం.

ఏ పాట వినాలన్నది ముఖ్యం. ప్రతి పక్కా చివరి పాట చివరి రెండు నిమిషాలు చాలు. రికార్డు ఒకే వేగంతో తిరుగుతున్నా, 12 అంగుళాల ఎల్పీ అంచున ముల్లు కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు పోతే, లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే పోతుంది. అదే శబ్దం అంత ఇరుకులో ఇమడాలి కాబట్టి అరుగుదల అక్కడే ముందు బయటపడుతుంది. గొంతులో 'స', 'ష' చీలినట్టు వినిపించడం, ట్రంపెట్, సాక్సోఫోన్ గట్టిగా ఊదినప్పుడు గరగరమనడం, పియానో స్వరం చివర వణకడం దీని గుర్తులు. గీత వేరే విధంగా వినిపిస్తుంది. 33⅓ వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు, 45లో 1.33 సెకన్లు. టిక్కుమనే చప్పుడు సరిగ్గా ఆ వ్యవధితో వస్తే అది గాడికి అడ్డంగా ఉన్న గీత. ఎలా పడితే అలా వస్తే దుమ్మో స్థిర విద్యుత్తో, కడిగితే పోవచ్చు.

పరీక్షకు సాధారణ ఎలిప్టికల్ (అండాకార కొన ఉన్న) ముల్లే వాడాం. మైక్రోలైన్ వంటి సన్నని ముల్లు గాడిలో పాత ముల్లు తాకని లోతును చదువుతుంది, అరిగిన రికార్డు కూడా దానిమీద బాగా వినిపిస్తుంది. కొనేవాళ్ల దగ్గర అదే ముల్లు ఉంటుందన్న హామీ లేదు. విలువ కట్టేటప్పుడు సగటు కొనుగోలుదారు వినేదే వినాలి.

'ఆర్ఎల్' ప్రతి ఇక్కడ వీజీకి దిగింది. దాన్ని పై గుంపులోనే ఉంచాం, ఎందుకంటే ఆ ముద్రణకు నాలుగో వంతు ధర కూడా మామూలు ముద్రణ మంచి ప్రతి ధర కంటే ఎక్కువ.

ఈ కేసులో మనసు చివుక్కుమనిపించింది పీవీసీ తొడుగుల సంగతి. ఆయన ప్రేమగా తొడుగు వేసిన 26 రికార్డుల్లో 17 మీద పాలపొరలాంటి మసక ఏర్పడింది. మెత్తదనం కోసం పీవీసీలో కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి బయటికి వస్తూ లోపలి రికార్డు పైపొరతో కలుస్తుంది. వేడి, బిగువుగా పేర్చడం దీన్ని వేగిరం చేస్తాయి. ఆ మసక దుమ్ము కాదు, కడిగినా పోదు. వాయిస్తే పాట వెనక ఆగని బుసలాంటి శబ్దం. ఆ 17లో ఐదు చాలా విలువైనవి, వాటన్నిటినీ వీజీగా రాయక తప్పలేదు. తొడుగులన్నీ ఆ రోజే తీయించాం.

దేన్ని కడగాలి, దేన్ని వదిలేయాలి

మెట్ల కింద ఒక పెట్టెలో 22 ఎల్పీలు బూజు పట్టి ఉన్నాయి, కొడుకు వాటిని పారేసే కుప్పలో పెట్టాడు. వినైల్‌కు బూజు ఆహారం కాదు, అది తినేది కాగితాన్ని, వేలిముద్రల జిడ్డును. అందుకే కవర్లు పోయినా రికార్డులు బతికే అవకాశం ఎక్కువ. మాస్కు వేసుకుని ఆరుబయట పొడి బ్రష్‌తో పైబూజు దులిపి, ఆపైన తడి శుభ్రం చేశాం. ద్రావణం పాళ్లు: డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, లీటరుకు కొన్ని చుక్కల వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు గాడిలోకి పరుచుకునేలా చేసే మందు). ద్రావణాన్ని గాడి వెంబడి గుండ్రంగా బ్రష్‌తో తిప్పి, లేబుల్ తడవకుండా చూసుకుని, వ్యాక్యూమ్ యంత్రంతో పీల్చేయాలి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి. రెండోసారి కడగకపోతే వెట్టింగ్ ఏజెంట్ గాడిలో ఎండి ముల్లుకు మడ్డిగా చుట్టుకుంటుంది. కడిగినదాన్ని పాత స్లీవ్‌లో పెడితే బూజు మళ్లీ అంటుకుంటుంది, కొత్త పాలిథిలీన్ స్లీవ్ తప్పనిసరి. పెన్సిల్ తేదీ ఉన్న పాత స్లీవ్‌ను విడిగా సంచిలో దాచాం.

22లో 14 వీజీ ప్లస్‌గా నిలిచాయి. వాటిలో ఒకటి 1990ల నాటి తక్కువ ప్రతుల ఎల్పీ. కవరు మరకలతో ఉన్నా అది పై గుంపులో చేరింది.

చౌక గుంపులోని 462ని కడగలేదు. ఒక రికార్డు కడిగి, ఆరబెట్టి, స్లీవ్ మార్చే శ్రమ దాని ధరను మించుతుంది. వంపు తిరిగిన రెండు మంచి ఎల్పీలను వేడితో చదును చేయమని కొడుకు అడిగాడు, వద్దన్నాం. వంపున్నా ముల్లు ఎగరకుండా వాయిస్తోంది. వేడి కొంచెం ఎక్కువైతే గాడే కరిగిపోతుంది, కొంతైనా ధర ఉన్నదాన్ని పందెంలో పెట్టడం అవుతుంది. కవర్ల చినుగులకు టేపు, జిగురు కూడా వేయనివ్వలేదు. సేకర్తలు చినుగును క్షమిస్తారు, టేపును క్షమించరు.

ధర కట్టడం

ముద్రణ, గ్రేడు తేలాకే ధర. రికార్డుల వివరాలు, అమ్మకాలు ఉండే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో ఆ ముద్రణ పేజీలో అమ్ముడైన ధరల చరిత్ర ఉంటుంది, వేలంపాటలకు పాప్‌సైక్ వంటి భాండాగారాలున్నాయి. అత్యధికం, అత్యల్పం రెండూ వదిలి, ఇటీవలి అమ్మకాల మధ్యస్థాన్ని (ధరలను వరుసలో పేరిస్తే నడుమ పడేదాన్ని) తీసుకున్నాం. సగటు తీసుకోకపోవడానికి కారణం ఉంది, ఇద్దరు పట్టుదల గల కొనుగోలుదారులు తలపడిన ఒక్క వేలం సగటును పైకి లాగేస్తుంది. అమ్మకాలు మూడు నాలుగే ఉన్న అరుదైనవాటికి ఒక్కొక్కదాని వివరణ చదివి, గ్రేడు సరిపోలినవాటినే లెక్కలోకి తీసుకున్నాం.

తేలిన లెక్క ఇది, డీలర్ మొత్తం 1 అనుకుంటే. పై గుంపులో 38 రికార్డులు, వాటి అమ్మకపు విలువ 3.1. మధ్య గుంపులో 140, విలువ 1.1. మిగతా 462కి 0.4. మొత్తం 4.6. ఇది చేతికి వచ్చేది కాదు. అమ్మకపు రుసుము, గట్టి అట్టపెట్టెలు, రవాణా, దారిలో విరిగి డబ్బు వెనక్కివ్వాల్సిన కొన్ని, వీటన్నిటినీ తీసేస్తే వరుసగా 2.5, 0.8, 0.3, కలిపి 3.6. చౌక రికార్డుకూ ఖరీదైనదానికీ ప్యాకింగ్ ఖర్చు ఒకటే కాబట్టి మధ్య గుంపు మీద భారం ఎక్కువ పడింది. 78లన్నీ కలిపి 4.6లో 0.1 కూడా దాటలేదు.

పంపకంలో ఏ విలువ

ఉంచుకునే అన్నయ్య డీలర్ ధరకు లెక్కకట్టమన్నాడు. చెల్లెలు దుకాణంలో కొనాలంటే అయ్యే ధర ప్రకారం అడిగింది. రెండు వాదనలకూ ఆధారం ఉంది, ఎందుకంటే ఒకే రికార్డుకు నిజంగానే మూడు విలువలున్నాయి. పోతే మళ్లీ కొనడానికి అయ్యేది ఒకటి, అది బీమాకు. ఓపికగా అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చేది మరొకటి. వారంలో వదిలించుకుంటే వచ్చేది ఇంకొకటి. పంపకానికి రెండోదే సరైనదని రాసిచ్చాను. అన్నయ్య అమ్మడం లేదు కాబట్టి తొందరపాటు తగ్గింపు ఆయనకు దక్కకూడదు. చెల్లెలు అమ్మకపు శ్రమ పడటం లేదు కాబట్టి ఆ ఖర్చు తీసేయని అంకె ఆమెకూ రాకూడదు. 3.6లో సగం 1.8 ఆమె వాటాగా తేలింది. చౌక గుంపును అన్నయ్య వెంటనే మొత్తంగా అమ్మి, మధ్య గుంపులో తనకు అక్కర్లేనివి నెమ్మదిగా అమ్ముతూ వాయిదాల్లో చెల్లించాడు. బీమా జాబితాకు మాత్రం 38 రికార్డులనూ మొదటి విలువ ప్రకారం, లేబుల్, మ్యాట్రిక్స్ ఫొటోలతో విడిగా తయారు చేశాం.

ఈ కేసు తర్వాత నేను మొదటి సందర్శనలో అడిగే ప్రశ్నల క్రమం మారింది. ఏమేం ఉన్నాయన్నదానికంటే ముందు వాటిని దేనిమీద విన్నారు, ఎప్పటిదాకా, ఏ తొడుగుల్లో దాచారు అని అడుగుతాను. పాత ప్లేయర్ ఇంకా ఇంట్లో ఉంటే దాని ముల్లును మైక్రోస్కోప్ కింద చూస్తాను. ముల్లు కొన చదునుగా అరిగి కనబడితే, ఆ ప్లేయర్ మీద తిరిగిన ఏ రికార్డుకూ వినకుండా వీజీ కంటే పై గ్రేడు రాయను. నిల్వకు చెప్పేవి కొన్నే: నిలువుగా, మరీ బిగించకుండా, 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో, 40 నుంచి 50 శాతం తేమలో. అర బలం ముందే చూసుకోవాలి, వంద ఎల్పీలు దాదాపు 25 కిలోలు తూగుతాయి.

ఒక రికార్డు ఈ లెక్కలన్నిటికీ బయట ఉండిపోయింది. తెల్లటి ఖాళీ లేబుల్‌తో ఒక జాజ్ ఎల్పీ, ఫ్యాక్టరీ టెస్ట్ ప్రెస్సింగ్ (విడుదలకు ముందు పరీక్ష కోసం వేసే ప్రతి) లా ఉంది. మ్యాట్రిక్స్ అక్షరాలు విడుదలైన ముద్రణతో సరిపోయాయి. కానీ టెస్ట్ ప్రెస్సింగ్‌కు ధర తెచ్చేది అది ఫ్యాక్టరీ నుంచి ఎవరి చేతికి, ఎలా వచ్చిందన్న ఆధారం. ఇక్కడ స్లీవ్ మీద పెన్సిల్ తేదీ తప్ప ఇంకేం లేదు. అదే మ్యాట్రిక్స్‌తో నమోదైన అమ్మకం కూడా ఎక్కడా దొరకలేదు. ఊహించి అంకె వేస్తే ఇద్దరిలో ఒకరికి అన్యాయం తప్పదు. అందుకని దాన్ని 3.6లో కలపలేదు. అన్నయ్య దగ్గరే ఉంటుందని, ఎప్పుడు అమ్మినా ఖర్చులు పోను వచ్చినదాన్ని చెరిసగం పంచుకోవాలని, అమ్మేముందు చెల్లెలికి తెలియజేయాలని ఒక కాగితం రాసి ఇద్దరూ సంతకం చేశారు. రెండు పక్కల మ్యాట్రిక్స్ ఫొటోలు ఆ కాగితానికి జత చేశాం.